కనబడని చోట బలం



ఏదో ఒక వాక్యభాగంతో మొదలుపెట్టే మేము ఈసారి కారు ఇంజిన్‌తో మొదలుపెడుతున్నాం. సెమినరీలో మాకు గ్రీకు అక్షరాలు నేర్పారు గాని పిస్టన్ సంగతి ఎవరూ చెప్పలేదు. అయినా ఈ ఏడాది పసుపు తవ్వకాలు మొదలైన దగ్గర నుండి ఎండలు ముదిరే దాకా, పెర్కిట్ దగ్గర ఒక రేకుల షెడ్డులో పాత ఫియట్ ఇంజిన్‌ను విప్పి, కొత్త భాగాలు వేసి, మళ్ళీ బిగించడం దగ్గరుండి చూశాం. అది మీకు కూడా చెప్పాలనిపించింది. ఇందులో మా సంఘంలోని ఒక కుటుంబం సంగతి ఉంది. వాళ్ళను అడిగి, పేర్లు లేకుండా రాస్తున్నాం.

ఆ ఇంటి పెద్దాయన పసుపు రైతు. ఒక ఏడాది పసుపుకు మంచి ధర పలికితే ఆ డబ్బుతో సెకండ్ హ్యాండ్‌లో ప్రీమియర్ పద్మిని కారు కొన్నాడు. నిజామాబాద్ యార్డుకు, ఆసుపత్రికి, పెళ్ళిళ్ళకు, క్రిస్మస్ ముందు పల్లెల్లో జరిగే కూడికలకు అందరూ ఆ కారులోనే తిరిగారు. ఆయన నాలుగేళ్ళ క్రితం ప్రభువు సన్నిధికి వెళ్ళిపోయాడు. కొడుకు అప్పుడు షార్జాలో ఉన్నాడు. సమయానికి సెలవు దొరకలేదు, కాగితాలు కదలలేదు, తండ్రి మట్టికి రాలేకపోయాడు. సమాధి దగ్గర మేము ప్రార్థన చేస్తుంటే ఎవరో ఫోన్ ఎత్తి పట్టుకుని అతనికి చూపించారు. ఆర్మూరు చుట్టుపక్కల గల్ఫ్‌కు పోయిన ఇళ్ళలో ఇలాంటి సమాధి కార్యక్రమాలు మేము చాలానే చేశాం.

షార్జాలో అతని పని గ్యారేజీలో. పాత కార్లు, పందెం కార్లు అక్కడికి వస్తాయి. వాటి ఇంజిన్లు విప్పి, కంపెనీ వేసిన లోపలి భాగాలు తీసేసి, ఆర్డరు ఇచ్చి చేయించిన పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు, క్యామ్ షాఫ్టులు వేస్తారు. పదకొండేళ్ళు అదే పని చేశాడు. ఈ జనవరిలో ఇంటికొచ్చి, షెడ్డులో దుమ్ము పట్టిన నాన్న కారు చూసి, దీని ఇంజిన్‌ను అలాగే చేస్తానన్నాడు. వీసా గడువు జూన్ దాకా ఉంది.

వాళ్ళమ్మ మా దగ్గరికి వచ్చింది. "అయ్యగారూ, జర మీరే చెప్పుండ్రి. పదకొండేండ్లు ఎండల కష్టపడి తెచ్చిన పైసలు ఆ పాత డబ్బాల పోస్తనంటుండు. పైసలు పోతె పాయె. కారు ఇంక జోరు పోవాల్నట. ఆ హైవే మీద జోరు పోయి ఏం సాధిస్తడు? నాకు మిగిలింది వీడొక్కడే" అంది.

ఆర్మూరులో ఉండేవారికి ఆ తల్లి భయం విడమరచి చెప్పనక్కరలేదు. నాగపూర్ నుండి హైదరాబాద్ వెళ్ళే 44వ నంబరు జాతీయ రహదారి మన పక్కనుంచే పోతుంది. ఆ రోడ్డు మీద పోయిన బిడ్డల ఇళ్ళకు అర్ధరాత్రి వెళ్ళిన అనుభవం మాకుంది. అయితే తెలియని పని మీద తీర్పు చెప్పడం మా అలవాటు కాదు. ముందు చూసి వస్తాం, తర్వాత మాట్లాడతాం అని ఆమెతో అన్నాం.

షెడ్డుకు వెళ్ళేసరికి అక్కడ మరొకరు ఉన్నారు. ఆ పెద్దాయన కారును మొదటి నుండి చూసుకున్న ముసలి మెకానిక్. ఊరంతా ఆయన్ను ఉస్తాద్ అంటారు. చూపు తగ్గింది, చేతివేళ్ళకు మాత్రం ఇంకా అన్నీ తెలుస్తాయి. అబ్బాయి ఆయన్ను ఇంటికెళ్ళి పిలుచుకుని వచ్చాడట. ఆ సంగతి మాకు నచ్చింది.

"ఇంత పాత ఇంజిన్‌కు ఇంత ఖర్చెందుకు తమ్ముడూ?" అని అడిగాం. దానికి జవాబుగా అతను ఆ ఇంజిన్ పుట్టుక చెప్పాడు. తర్వాత మేము కూడా పుస్తకాల్లో చూసుకున్నాం.

మనం పద్మిని అని పిలుచుకున్న కారు ఇటలీ ఫియట్ 1100 నుండి వచ్చింది. వాల్‌చంద్ హీరాచంద్ 1944లో స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ దాన్ని బొంబాయి కుర్లాలో తయారుచేసింది. బొంబాయిలో నలుపు పసుపు రంగుల టాక్సీగా తిరిగిన చివరి పద్మిని 2023 అక్టోబరులో రోడ్డు దిగింది. దాని ఇంజిన్ 1,089 సీసీ. నాలుగు సిలిండర్లు, ఒక్కొక్కటి 68 మిల్లీమీటర్ల వెడల్పు. అందులో పిస్టన్ 75 మిల్లీమీటర్లు పైకీ కిందికీ నడుస్తుంది. ఇవే కొలతలతో ఈ ఇంజిన్ మొదట 1937లో ఇటలీలో వచ్చింది. అప్పుడు దాని శక్తి 32 హార్స్‌పవర్. దాన్ని రూపొందించిన ఇంజనీరు దాంతే జాకోసా.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక ఇటలీలో ఇనుము లేదు, డబ్బు లేదు. పియెరో దూసియో అనే వ్యాపారి సిసిటాలియా పేరుతో పందెం కార్లు కట్టాలనుకున్నాడు. కొత్త ఇంజిన్ తయారుచేసే స్థోమత ఎవరికీ లేని రోజులవి. అందుకే ఇళ్ళలో తిరిగే ఈ ఫియట్ 1100 ఇంజిన్‌నే తీసుకున్నారు. కంప్రెషన్ పెంచారు, లోపల ఆయిల్ తిరిగే పద్ధతి మార్చారు, శక్తిని అరవై హార్స్‌పవర్ దరిదాపుకు తెచ్చారు. 1947లో ఇటలీ రోడ్ల మీద జరిగిన మిల్లే మిలియా పందెంలో తాత్సియో నువోలారి అనే డ్రైవరు ఈ చిన్న ఇంజిన్ కారుతో పెద్ద పెద్ద కార్లను దాటి ముందుకు పోయాడు. వాన నీళ్ళు ఇంజిన్ కరెంటు భాగాల్లోకి చేరి ఆలస్యం కాకపోతే గెలిచేవాడే. రెండో స్థానంలో వచ్చాడు. అప్పటికి ఆయనకు యాభై నాలుగేళ్ళు, ఒంట్లో జబ్బు, ఇద్దరు కొడుకులను మట్టిలో పెట్టిన తండ్రి. 1951లో న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియం ఎనిమిది కార్లను ఎంచి ప్రదర్శనకు పెట్టినప్పుడు, వాటిలో సిసిటాలియా 202 ఒకటి. దాని బానెట్ కింద ఉన్నది మన పద్మిని ఇంజిన్‌కు అన్నలాంటిది.

మన దేశంలో కూడా ఇలాంటి పని జరిగింది. మద్రాసు దగ్గర షోలవరంలో యుద్ధకాలం నాటి విమానాల రన్‌వే మీద పందేలు జరిగేవి. ఆ రోజుల్లో పందేలకు వేరే కార్లు ఎక్కడివి? ఫియట్లు, అంబాసిడర్లు, హెరాల్డ్‌లనే విప్పి, మార్చి, పరిగెత్తించేవారు. కోయంబత్తూరులో తరాల క్రితం స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టిన ఎస్. కరివర్ధన్ అక్కడినుండి ఇంకో అడుగు ముందుకు వేశాడు. మారుతీ 800 ఇంజిన్‌తో ఒక్కరు కూర్చునే పందెం కారు కట్టి, తక్కువ ఖర్చుతో కుర్రాళ్ళకు పందెం నేర్చుకునే దారి చేశాడు. దాన్ని ఫార్ములా మారుతీ అన్నారు. 2005లో ఫార్ములా వన్ పందెంలో దిగిన మొదటి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్ చిన్నతనంలో ఆ కార్లతోనే మొదలుపెట్టాడు. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో చనిపోయాడు. కోయంబత్తూరు దగ్గర కరి మోటార్ స్పీడ్‌వేకు ఆయన పేరే పెట్టారు.

ఇంత విన్నాక అబ్బాయి కోరిక పిచ్చిది కాదని మాకు అర్థమైంది. కానీ తల్లి అడిగిన ప్రశ్న అలాగే ఉంది. జోరు పెంచి ఏం సాధిస్తడు?

ఉస్తాద్ అప్పటిదాకా ఏమీ మాట్లాడలేదు. స్టూలు మీద కూర్చుని బీడీ ఆర్పి, "పాస్టర్ సాబ్, తాకత్ అందరికీ కావాలె. ఆ తాకత్ మొయ్యనీకి లోపల బొక్కలు గట్టిగున్నయా లేవా, ఎవడు సూస్తలేడు" అన్నాడు.

ఈ మాట అర్థం కావాలంటే ఇంజిన్ లోపల ఏం జరుగుతుందో కొంచెం తెలియాలి. ఇంజిన్ నిమిషానికి 5,000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో పిస్టన్ నిమిషానికి 10,000 సార్లు ఆగుతుంది. పైన ఒకసారి, కింద ఒకసారి. ఆగిన ప్రతిసారీ మళ్ళీ పరుగందుకోవాలి. పిస్టన్ బరువు 400 గ్రాములు అనుకోండి. ఆ వేగంలో దాన్ని ఆపి వెనక్కి తిప్పడానికి కనెక్టింగ్ రాడ్ మీద పడే లాగుడు అర టన్నుకు తగ్గదు. చుట్లు 5,000 నుండి 6,000కు పెంచితే ఈ లాగుడు అంతే మేరకు పెరిగి ఊరుకోదు, దాదాపు ఒకటిన్నర రెట్లకు చేరుతుంది. వేగం కొంచెం పెరిగితే భారం చాలా పెరుగుతుంది. పైనుంచి పెట్రోల్ మండిన ఒత్తిడి వేరే. ఇదంతా పిస్టన్ నుండి రాడ్‌కు, రాడ్ నుండి క్రాంక్ షాఫ్టుకు, అక్కడినుండి పలచటి బేరింగ్ రేకుల మీదికి దిగుతుంది. ఆ రేకులకూ క్రాంక్‌కూ మధ్య ఉండేది వెంట్రుక మందం ఆయిల్ పొర.

అందుకే పెద్ద కార్బురేటర్ వేసి, సైలెన్సర్ మార్చి, శబ్దం పెంచుకున్న బండ్లు కొన్నాళ్ళకు రోడ్డు పక్కన ఆగిపోతాయి. రాడ్ విరిగి ఇంజిన్ గోడను చీల్చుకుని బయటికి వస్తుంది. చూసినవాళ్ళు ఇంజిన్ మంచిది కాదంటారు. ఇంజిన్ మంచిదే. మోయలేని భారం దాని మీద పెట్టారు.

ఫిబ్రవరి మొదటి వారంలో ఇంజిన్ దింపారు. హెడ్ తీశారు, ఆయిల్ చాంబర్ విప్పారు, పిస్టన్లు ఒక్కొక్కటీ బయటికి లాగారు. అబ్బాయి వరుసగా కొత్త గుడ్డ మీద పేర్చి ఒక్కోదానికి నంబరు రాశాడు. పాత పిస్టన్లు పోత పోసినవి, అంటే కరిగిన అల్యూమినియాన్ని అచ్చులో పోసి చేసినవి. అతను ఆర్డరు ఇచ్చినవి ఫోర్జింగ్ పిస్టన్లు. వీటికి లోహాన్ని కరిగించి పోయరు. వేడిచేసి భారీ ప్రెస్సు కింద అదిమి ఆకారం తెస్తారు. లోహం లోపల గుల్లలు ఉండవు, దెబ్బకు తట్టుకుంటుంది. అయితే వేడికి ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి సిలిండర్‌లో కొంచెం ఎక్కువ సందు వదలాలి. పొద్దున చల్లని ఇంజిన్ స్టార్ట్ చేయగానే టకటకమని చప్పుడు వస్తుంది, వేడెక్కాక తగ్గుతుంది. "గట్టిదానికి మొదట్ల చప్పుడుంటది" అని ఉస్తాద్ నవ్వాడు.

తర్వాత సిలిండర్ల సంగతి. ఇంతకుముందు రెండుసార్లు బోరు కొట్టించిన బ్లాకు అది. అరిగిన గోడలను మళ్ళీ కొంచెం వెడల్పు చేసి 69 మిల్లీమీటర్ల పిస్టన్ వేయవచ్చు. లెక్క వేస్తే ఇంజిన్ 1,089 సీసీ నుండి 1,122 సీసీ దాకా పెరుగుతుంది. షార్జాలో అయితే వాళ్ళు అదే చేసేవారట. కానీ గోడలు పలచనవుతాయి. పైగా ఆర్సీ కాగితంలో రాసిన సీసీకి, బండిలో ఉన్న సీసీకి తేడా వస్తుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఈ మాట గట్టిగా చెప్పింది. అబ్బాయి ఒక రాత్రంతా ఆలోచించి, నాలుగు సిలిండర్లకూ కొత్త స్లీవులు దింపించి తిరిగి 68 మిల్లీమీటర్లకే బోరు చేయించాడు. ఖర్చు ఎక్కువైంది, సైజు మాత్రం పెరగలేదు. "నాన్న పేరు మీద ఉన్న కాగితం అయ్యగారూ, అది అబద్ధం కావొద్దు" అన్నాడు. ప్రియులారా, మేము ఆ వారం సిద్ధం చేసుకున్న ప్రసంగం కంటే ఆ ఒక్క మాట బరువుగా ఉంది.

ఇక కనెక్టింగ్ రాడ్లు. కొత్తవి ఉక్కుతో ఆర్డరు మీద చేయించినవి కోయంబత్తూరు నుండి వచ్చాయి. వచ్చినవాటిని అలాగే బిగించలేదు. బంగారం తూచే తరహా చిన్న కాటా తెచ్చి నాలుగింటినీ తూచాడు. ముందు మొత్తం బరువు, తర్వాత పెద్ద చివర వేరుగా, చిన్న చివర వేరుగా. ఎక్కువ ఉన్నదాన్ని ఆకురాయితో కొద్దికొద్దిగా రుద్ది తగ్గించాడు. నాలుగూ ఒక గ్రాము లోపు తేడాతో సరిపోయేసరికి రెండు రోజులు పట్టింది. నాలుగు రాడ్లలో ఒక్కటి బరువైతే మిగతా మూడూ దాని వణుకును మోయాలి. ఎంత బలమైనవైనా సమానంగా లేకపోతే ఒకదాన్నొకటి పాడుచేసుకుంటాయి. సంఘం పని చేసే మాకు ఈ సంగతి ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు.

క్రాంక్ షాఫ్టు దగ్గర పని ఆగింది. ఇంజిన్‌కు వెన్నెముక అదే. అబ్బాయి దాన్ని కూడా మార్చాలనుకున్నాడు. మొత్తం ఉక్కు దిమ్మె నుండి కొత్త క్రాంక్ చెక్కించడానికి అడ్వాన్సు పంపబోతున్నాడు. ఉస్తాద్ ఆగమన్నాడు. "ముందుగాల కొలువు" అన్నాడు.

మైక్రోమీటర్ పెట్టి ఒక్కో జర్నల్ కొలిచారు. జర్నల్ అంటే బేరింగ్ కూర్చునే గుండ్రటి భాగం. ఇన్నేళ్ళు, ఇన్ని వేల కిలోమీటర్లు తిరిగిన ఇంజిన్‌లో అవి గుడ్డు ఆకారంలో అరిగిపోయి ఉండాలి. నాలుగుచోట్లా కొలిచినా ఇంచుమించు ఒకే అంకె వచ్చింది. గీతలు లేవు. ఒక్కసారి, అదీ మొదటి సైజుకు గ్రైండ్ చేయిస్తే సరిపోతుంది. అబ్బాయి నమ్మలేక మళ్ళీ కొలిచాడు. నిజామాబాద్ తీసుకెళ్ళి పగుళ్ళ పరీక్ష చేయించాడు. క్రాంక్‌కు అయస్కాంత శక్తి పట్టించి ఇనుప పొడి కలిపిన ద్రవం పోస్తారు, కంటికి కనబడని పగులు ఉంటే అక్కడ పొడి గీతలా చేరుతుంది. ఎక్కడా గీత రాలేదు.

అప్పుడు ఉస్తాద్ కారు డాష్‌బోర్డు అర తెరిచి ఒక పాత నోటుబుక్కు తీశాడు. ఆ పెద్దాయన రాత. తేదీ, కిలోమీటర్ల అంకె, "ఆయిల్ మార్చితిని." కింద ఇంకో తేదీ, ఇంకో అంకె, "ఆయిల్, ఫిల్టరు." పేజీలకు పేజీలు అంతే. పసుపుకు ధర రాని ఏళ్ళల్లో కూడా ఆ వరుస తప్పలేదు. పెట్రోల్‌కు డబ్బు లేక కారు ఇంట్లోనే నిలిపిన నెలలున్నాయి గాని, పాత ఆయిల్‌తో నడిపిన నెల లేదు. "మీ నాయిన నాకు పైసలు బాకీ పెట్టిండు గని ఇంజిన్‌కు ఆయిల్ బాకీ పెట్టలే" అన్నాడు ఉస్తాద్.

అబ్బాయి ఆ క్రాంక్‌ను చేతుల్లో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. మేము ఏమీ మాట్లాడలేదు. నాలుగేళ్ళ క్రితం సమాధి దగ్గర ఫోన్‌లో వాక్యం చదివి వినిపించాం, ఆదరణ మాటలు చెప్పాం. ఆ రోజు అతని కంట నీరు రాలేదని వాళ్ళమ్మ మాతో చాలాసార్లు అంది. ఈ రోజు వచ్చింది.

కొత్త క్రాంక్‌కు అడ్వాన్సు పంపలేదు. పాతదాన్నే గ్రైండ్ చేయించి, హైదరాబాద్‌లో ఫ్లైవీల్‌తో కలిపి బ్యాలెన్సింగ్ చేయించి తెచ్చాడు. కొత్త పిస్టన్లు, కొత్త రాడ్లు వచ్చి ఆ తండ్రి కాపాడిన వెన్నెముకకే తగులుకున్నాయి.

క్యామ్ షాఫ్టు దగ్గర మాత్రం ఉస్తాద్‌కూ అబ్బాయికీ పెద్ద వాదన జరిగింది. వాల్వులు ఎంత ఎత్తు తెరుచుకోవాలో, ఎంతసేపు తెరుచుకుని ఉండాలో నిర్ణయించేది క్యామ్. పందెం క్యామ్ వేస్తే పై వేగంలో ఇంజిన్ విజృంభిస్తుంది. కానీ కింద వేగంలో నీరసపడుతుంది, నిలబడి ఉన్నప్పుడు ఇంజిన్ ఊగుతుంది, మామిడిపల్లి చౌరస్తాలో ట్రాక్టర్ల మధ్య మొదటి గేరులో లాగలేదు. "నువ్వు యాడ నడుపుతవు బిడ్డా? షోలవరంలనా, అంకాపూర్ బాటలనా?" అని అడిగాడు ఉస్తాద్. అబ్బాయి రెండు రోజులు అలిగాడు. తర్వాత మామూలుదానికి కొంచెమే తేడా ఉన్న క్యామ్ చెక్కించాడు.

కంప్రెషన్ కూడా అలాగే కొంతే పెంచాడు. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది పాతకాలపు రబ్బరును తినేస్తుంది కాబట్టి పెట్రోల్ పైపులు, పంపు డయాఫ్రం, కార్బురేటర్ వాషర్లు అన్నీ మార్చాడు. చివరికి మేము అడగకముందే బ్రేకుల మీద పడ్డాడు. పద్మినికి నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. కొత్త లైనింగులు, కొత్త సిలిండర్లు, కొత్త గొట్టాలు వేసి, ఖాళీ పొలం బాటలో పదే పదే ఆపి చూశాడు. "ఆగే బలం లేంది ఉరికే బలం ఇయ్యొద్దు అయ్యగారూ, మా గ్యారేజీల మొదటి రూలు" అన్నాడు.

అప్పుడు ఆ తల్లి దగ్గరికి వెళ్ళి మేము చూసింది చెప్పాం. ఆమెకు రాడ్లు, జర్నల్స్ అర్థం కావు. కాబట్టి పసుపు భాషలో చెప్పాం. యార్డులో ఖరీదుదారు మన కుప్ప దగ్గరికి వచ్చి ఏం చేస్తాడు? డ్రమ్ములో పాలిష్ పట్టి మెరుస్తున్న కొమ్మును చూసి ధర చెప్పడు. ఒక కొమ్ము తీసి విరుస్తాడు. విరిగిన చప్పుడు వింటాడు, లోపలి రంగు చూస్తాడు. సరిగా ఉడకని కొమ్ము, ఆరని కొమ్ము పైకి ఎంత మెరిసినా విరిస్తే దొరికిపోతుంది. "మీ వాడు పాలిష్ పని చేస్తలేడమ్మా, ఉడకబెట్టే పని చేస్తుండు" అన్నాం. ఆమె కాసేపు ఆలోచించి, "ఆయన కూడా గంతే. ఉడికిందాక పొయ్యి కాడికెళ్ళి లేసెటోడు కాదు" అంది.

మార్కు సువార్త రెండో అధ్యాయంలో ప్రభువు కొత్త ద్రాక్షారసం గురించి, పాత తిత్తుల గురించి చెప్పిన సంగతి మనకు తెలుసు. పొంగే రసాన్ని బిగుసుకుపోయిన తోలులో పోస్తే రసమూ పోతుంది, తిత్తీ పోతుంది. చాలా ఏళ్ళు మేము దాన్ని కొత్త, పాత అనే తేడా గురించే బోధించాం. షెడ్డులో కూర్చున్నాక ఇంకో మాట కూడా కనిపించింది. పోసేవాడు పోసే ముందు తిత్తిని చేత్తో పట్టి చూడాలి. పాతదైనా ఒక క్రాంక్ భారాన్ని మోయగలదు, దాన్ని ఎవరైనా రోజూ చూసుకుని ఉంటే. కొత్తదైనా ఒక రాడ్ మోయలేదు, తూచకుండా బిగిస్తే.

మా దగ్గరికి ప్రార్థనకు వచ్చేవారిలో చాలామంది అడిగేది ఇంకా కొంచెం. ఇంకా కొంచెం పొలం, పెద్ద ఉద్యోగం, పెద్ద పరిచర్య, మైకు ముందు ఇంకాస్త సమయం. అడగడం తప్పు కాదు. మేము కూడా అడుగుతాం. అయితే ఇప్పుడు ఎవరైనా అడిగితే వారితో కలిసి ఒక ప్రశ్న వేసుకుంటున్నాం. అది వచ్చాక దాన్ని మోసేది ఇంట్లో ఎవరు? వారి వెన్ను ఎలా ఉంది? పిల్లవాణ్ణి పెద్ద కాలేజీలో వేస్తే సరిపోదు, రాత్రి వాడితో కూర్చుని మాట్లాడేవాళ్ళు ఉన్నారా? పెద్ద అప్పు తెచ్చి బోరు వేస్తే సరిపోదు, నీళ్ళు పడని రోజున భార్యాభర్తలు ఒకరినొకరు దెప్పుకోకుండా ఉండగలరా? వీటికి జవాబులు సాక్ష్యాల కూటంలో చెప్పేవి కావు. ఆయిల్ మార్చినట్టు ఎవరూ చూడని రోజు చేసుకోవలసినవి.

ఏప్రిల్ మూడో వారంలో ఇంజిన్ బిగించి స్టార్ట్ చేశారు. చల్లగా ఉన్నప్పుడు టకటకమంది, వేడెక్కాక సద్దుమణిగింది. కొత్త పిస్టన్ రింగులు సిలిండర్ గోడకు ఒదిగేదాకా పరుగెత్తించకూడదు. మొదటి 500 కిలోమీటర్లు నిదానంగా, వేగం మారుస్తూ, ఎక్కువ బరువు లేకుండా నడపాలి, తర్వాత ఆ ఆయిల్ పారబోసి కొత్తది పోయాలి. ఇంత ఖర్చుపెట్టి బలమైన ఇంజిన్ కట్టుకున్నవాడు ఆటో కంటే మెల్లగా పోతుంటే ఊళ్ళో కుర్రాళ్ళు నవ్వారు. అతను పట్టించుకోలేదు.

తల్లి భయం పూర్తిగా పోలేదు. పోయిందని మేము చెప్పం. ఇప్పటికీ కారు గేటు దాటితే ఆమె వాకిట్లోనే నిలబడుతుంది. వీసా సంగతి కూడా తేలింది. అతను జూన్‌లో తిరిగి షార్జా వెళ్ళాడు. ఇంకో రెండేళ్ళు పనిచేసి, బోరింగ్ మిషను కొనుక్కుని వచ్చి, ఉస్తాద్ షెడ్డు పక్కనే చోటు తీసుకుంటానని మాట ఇచ్చాడు. గల్ఫ్‌కు వెళ్ళినవారి మాటలు ఎన్ని నిలుస్తాయో, ఎన్ని పరిస్థితులకు లొంగిపోతాయో మనకు తెలియనిది కాదు. ఈ మాట నిలవాలని మా సంఘం ప్రార్థిస్తోంది. మీరు కూడా జ్ఞాపకం చేసుకోండి.

వెళ్ళే ముందు 500 కిలోమీటర్లు పూర్తయ్యాయి. అతను ఆయిల్ మార్చి, డాష్‌బోర్డు అరలోంచి నోటుబుక్కు తీసి, తండ్రి రాత ఆగినచోట కింద తేదీ వేశాడు, కిలోమీటర్ల అంకె వేశాడు, "ఆయిల్ మార్చితిని" అని రాశాడు. తండ్రి వాడిన మాటే వాడాడు. తర్వాత పుస్తకం వాళ్ళమ్మ చేతికిచ్చి, నెలకోసారి ఉస్తాద్ వచ్చి కారు నడుపుతాడని, నడిపిన ప్రతిసారీ అంకె రాయించమని చెప్పాడు. ఆమెకు చదువు రాదు, అంకెలు వచ్చు. మొన్న మేము వాళ్ళింటికి వెళ్ళినప్పుడు రెండు వరుసలు చూపించింది, రెండూ ఆమె చేతిరాతవే.